వెనక్కి తీసుకున్న సాక్ష్యం

చిలకలగూడలో బ్యూలా టీచరంటే పిల్లలకే కాదు, వాళ్ల అమ్మానాన్నలకూ హడలే. ప్రోగ్రెస్ కార్డు మీద దొంగ సంతకం ఎవరు పెట్టారో చూపు పడగానే పట్టేస్తుంది. తండ్రి రైల్వే ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. భర్త పోయాక సంసారాన్ని ఒంటిచేత్తో లాక్కొస్తోంది. అలాంటి మనిషి సొంత కూతురి దగ్గర పప్పులో కాలేసింది, అదీ రెండుసార్లు.

ఎనిమిదేళ్ల హెప్సిబా పొద్దున్నే మంచం దిగేది కాదు. మోకాలు వంగడం లేదనేది. మధ్యాహ్నానికి మళ్లీ గంతులే. "బడి ఎగ్గొట్టడానికి నా దగ్గరే నాటకాలా?" అని బ్యూలా రెక్క పట్టుకుని లేపేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ముద్ద దిగదు.

నాటకం కాదని మొదట కనిపెట్టింది ఆటో జంగయ్య. రోజూ పిల్లను బడికి తీసుకెళ్లి తెచ్చేది అతనే.

"పొద్దుగాల కట్టె లెక్క బిగుసుకపోతది టీచరమ్మా, మాపటికి మంచిగ ఉరుకుతది. నాటకమైతే దినాం గట్లనే ఎట్ల జేస్తది? జెర డాక్టరుకు చూపియ్యండి."

బేగంపేటలో పిల్లల కీళ్ల డాక్టర్ ఇంద్రజ మోకాలి మీద చెయ్యి వేసింది. వాపుంది, వేడుంది. "ఇది పిల్లలకొచ్చే కీళ్లవాతం. ముసలివాళ్ల జబ్బనుకుంటారు గానీ కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి కీళ్ల మీద పడుతుంది. రాత్రంతా కదలక పొద్దున బిగుసుకుంటుంది, తిరిగేకొద్దీ వదులవుతుంది. ఇందులో మీ తప్పేం లేదమ్మా," అంది. శనివారం శనివారం ఒక మాత్ర, మధ్యమధ్యలో రక్తపరీక్ష. కంటి పరీక్ష కూడా మానకూడదు, ఈ జబ్బు నొప్పి తెలియకుండా కంట్లోనూ దూరగలదు.

కొన్ని నెలలకు వాపు దిగింది. అప్పుడు చేసింది బ్యూలా రెండో తప్పు. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మైకు పట్టుకుని, "దేవుడు నా బిడ్డను పూర్తిగా స్వస్థపరిచాడు," అనేసింది. మాత్ర ఊసే ఎత్తలేదు. అందరూ "స్తోత్రం" అన్నారు, కొందరు ఏడ్చారు. సంఘ పెద్ద హెన్రీ గారు ఆ సాక్ష్యాన్ని ఇంటింటి ప్రార్థన కూడికల్లో చెప్పుకొచ్చారు. ఇక మాత్ర వెయ్యడానికి బ్యూలాకు చెయ్యి రాలేదు. పైగా శనివారం మాత్ర పడితే ఆదివారం ఆరాధనలో పిల్లకు కడుపులో తిప్పేది, ఏమైందని అడిగిన ఒకరిద్దరికి మందు సంగతి తెలిసిపోయింది. బాగైన పిల్లకు మందులేమిటి, ఇదేం విశ్వాసం అని వెనక బల్లలో గుసగుసలు. బ్యూలా మాత్ర మానేసింది.

రెండు నెలలకు మోకాలు మళ్లీ ఉబ్బింది. ఈసారి మణికట్టు కూడా.

"ఇలా ఆపేస్తే కీలు పాడవుతుంది. పాడయ్యాక మళ్లీ మొదటిలా కాదు," అంది ఇంద్రజ. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక హెప్సిబా చిన్నగా అడిగింది. "మమ్మీ, నొప్పుందని చెబితే నీ సాక్ష్యం అబద్ధమైపోతుంది కదా? అందుకే చెప్పలేదు."

బ్యూలాకు ఒళ్లు మండిపోయింది, తన మీదే. ఊళ్లో పిల్లల దొంగ సంతకాలు పట్టే టీచరు దేవుడి పేరు మీదే దొంగ సంతకం పెట్టేసింది!

ఆ శనివారమే మాత్ర మళ్లీ మొదలైంది. మర్నాడు బ్యూలా నేరుగా మైకు దగ్గరికి నడిచింది. సంగతి పసిగట్టిన హెన్రీ గారు అడ్డం వచ్చారు.

"బ్యూలమ్మా, చెప్పిన సాక్ష్యాన్ని ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? వినేవాళ్లు విశ్వాసంలో తొట్రిల్లుతారు. ఊరుకో తల్లీ."

"ఊరుకున్నందుకే నా కూతురి మోకాలు వాచిందండీ. జరగండి."

ఆయన జరిగారు.

"ఆ రోజు నేను సగమే చెప్పాను," అంది బ్యూలా. "నొప్పి తగ్గింది నిజం. మాత్రతో తగ్గింది. అది దాచాను, మీ స్తోత్రాలకు మురిసిపోయి మానేశాను కూడా. నా బిడ్డకు కీళ్లవాతం ఉంది. ఏళ్ల తరబడి ఉండొచ్చు. ప్రతి శనివారం ప్రార్థన చేసి మరీ మాత్ర వేస్తాను. అది అవిశ్వాసం అనేవాళ్లు పొద్దున ఆరింటికి మా ఇంటికి రండి, పిల్లను మంచం మీంచి మీరే దించండి!"

ఎవరూ స్తోత్రం అనలేదు. పరీక్ష హాళ్లలో ఇంతకన్నా పెద్ద నిశ్శబ్దాలు చూసిన మనిషి, బ్యూలా జంకలేదు.

"మోకరిద్దాం," అన్నారు పాస్టరు గారు. అందరూ మోకరించారు. హెప్సిబా కూడా బల్ల పట్టుకుని పళ్ల బిగువున మోకాలు వంచబోయింది. ఎవరికీ తెలియకూడదని ఇన్ని వారాలుగా అలాగే వంచుతోందని బ్యూలాకు ఇప్పుడు అర్థమైంది. రెక్క పట్టుకుని మెల్లగా పైకి లేపింది.

"కూర్చో."

"అందరూ చూస్తారు మమ్మీ."

"చూడనీ. నొప్పైతే నొప్పని చెప్పు."

తనూ పక్కనే బల్ల మీద కూర్చుంది, తల దించకుండా. ఇంకా ప్రార్థన మొదలు కాలేదు.

"నాకు నొప్పిగా ఉంది," అంది హెప్సిబా, ముందు వరుసలో హెన్రీ గారికి కూడా వినపడేలా.

"ఆమేన్," అంది బ్యూలా.