పడవ అడ్డమొచ్చే గది

సౌతాంప్టన్‌లో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన వెర్నా పాస్కోకి తుంటి విరిగాక చక్రాల కుర్చీ వచ్చిందిగానీ, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. డెబ్బై ఎనిమిదో పుట్టినరోజుకి ఓడలో తిప్పుతానంటూ కూతురు జానిస్ ఆమెను ట్రావెల్ ఏజెంటు దగ్గరికి తీసుకొచ్చింది.

వెర్నా సంచిలోంచి కొలత టేపు తీసింది. "బాత్‌రూమ్ తలుపు ఎంత వెడల్పు బాబూ? పోయినసారి హోటల్లో సగం దూరి ఇరుక్కుపోతే వంటవాళ్లొచ్చి లాగారు."

"రెండు కుర్చీలు పడతాయి మేడమ్, గడప కూడా ఉండదు. పదో అంతస్తు, బాల్కనీ, పక్కనే లిఫ్టు. పడవలెక్కే అంతస్తులోనూ ఇలాంటిదే ఒకటుందిగానీ, చూపించడానికే సిగ్గేస్తోంది. కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతుంటుంది. సముద్రమే కనబడదు."

"అదే ఇవ్వు."

జానిస్ నెత్తి కొట్టుకుంది. "అమ్మా! పుట్టినరోజు పూట పడవ అడుగు చూస్తూ కూర్చుంటావా?"

"పుట్టినప్పట్నుంచీ సముద్రాన్ని చూస్తూనే ఉన్నానే. బాబూ, ఓడలో నిప్పంటుకుంటే ముందు ఆపేది లిఫ్టే కదా?"

ఏజెంటు గొంతు తగ్గించాడు. "అవును మేడమ్. అప్పుడు ఓడ సిబ్బందే మిమ్మల్ని మెట్ల మీదుగా కిందికి, పడవల దగ్గరికి మోసుకెళ్తారు."

"నలుగురు కుర్రాళ్లు మోస్తామంటే మామూలు రోజుల్లో నాకూ సరదానే. ఓడ మునిగే పూట మాత్రం వద్దు." వెర్నా టేపు చుట్టి సంచిలో పడేసింది. "ఆ పదో అంతస్తు నువ్వు తీసుకోవే జానిస్. బాల్కనీలో నిలబడు. పడవలోంచి నీకు చెయ్యి ఊపుతాలే."