తాడు వదలని మునిరత్నం అన్న

2023 మార్చి. పుదుచ్చేరి తీరానికి దూరంగా, ఒడ్డు కనబడనంత లోపల మా బోటు లంగరు వేసుకుని ఉంది. మాది ఐరాల పక్క పల్లె. ఏడో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు గాని, బావిలో దూకడం మాత్రం ఎవరూ మాన్పించలేకపోయారు. ఆ దూకుడే చివరికి స్కూబా డైవింగ్ గైడ్ ఉద్యోగమైంది. జనాన్ని గాలి సిలిండర్లతో సముద్రంలోకి దించడం, దించినవాళ్ళందరినీ పైకి తేవడం నా పని. ఇందులో రెండో సగమే కష్టం.

ఆ రోజు నా వెంట దిగింది మునిరత్నం అన్న. పాకాలలో మోటార్ల అంగడి ఆయనది. వయసులో ఉన్నప్పుడు తాడు పట్టుకుని బావుల్లోకి దిగి, మునిగిన మోటార్లను పైకి తీసేవాడు. యాభై దాటాక సముద్రం అడుగు చూడాలని బుద్ధి పుట్టింది. కోర్సులన్నీ నా దగ్గరే ముగించాడు.

లోతుకు దిగితే ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఇంకుతుంది. పైకి వచ్చేటప్పుడు ఆరు మీటర్ల దగ్గర ఆగి, దాన్ని ఊపిరితో మెల్లగా బయటికి పంపాలి. దీన్నే డీకంప్రెషన్ స్టాప్ అంటాం. ఎంతసేపు ఆగాలో చేతికున్న డైవ్ కంప్యూటర్ చెబుతుంది. ఆగకుండా పైకొస్తే గోలీసోడా కొట్టినట్టు రక్తంలో బుడగలు లేస్తాయి. కీళ్ళ నొప్పులతో సరిపోతే అదృష్టం. కాళ్ళు పడిపోయినా పడిపోవచ్చు.

దిగేముందే చెప్పాను: "అన్నా, అలలు పెద్దవైతే లంగరు తాడు ఎగురుతాది. అప్పుడు తాడు వదిలేద్దాం. నేను నీళ్ళమీద తేలే గాలి బోయను పైకి పంపిస్తా. దాని కింద నిలబడి నీళ్ళతోనే కొట్టుకపోదాం."

"కొట్టుకపోయేదానికా ఇంత దూరం వచ్చింది?"

"బోటు మన వెనకే వస్తాది గదన్నా."

"నేను బాయిలో దిగినన్ని తూర్లు నువ్వు అన్నం తినుండవు. తాడు వదిలి బతికినోడిని ఒక్కడిని సూపించు, ఈడనే వదిలేస్తా."

"పోయినోళ్ళు బాయిలో వదిలినారన్నా. సముద్రానికి గోడల్లేవు."

"అందుకే ఇంకా గట్టిగా పట్టుకుంటా."

బోటు నడిపే సెల్వం తమిళుడు. అయినా మా తెలుగు అర్థమై నవ్వాడు.

అడుగున అంతా బాగానే జరిగింది. పైకి వచ్చి ఆరు మీటర్ల దగ్గర ఆగేసరికి ప్రవాహం ఊపందుకుంది. తాడు పట్టుకున్న మేమిద్దరం దండెం మీద పంచెల్లా అడ్డంగా ఎగురుతున్నాం. దానికి తోడు పైన అలకు బోటు లేచినప్పుడల్లా తాడూ లేస్తోంది. నేను వేళ్ళు సడలించి తాడును చేతిలో జారనిస్తున్నాను. మునిరత్నం అన్న రెండు చేతులా బిగించాడు. తాడు ఎక్కితే తానూ ఎక్కుతున్నాడు, దిగితే తానూ దిగుతున్నాడు. లోతు తగ్గిన ప్రతిసారీ ఆయన చేతి కంప్యూటర్ కూత పెట్టి లెక్క ఆపేస్తోంది. ఆయాసంతో గాలి గబగబా పీల్చేస్తున్నాడు. స్టాప్ ముగిసేలోగా గాలి అయిపోతే పైకి పోక తప్పదు. పోతే ఆ కాళ్ళు ఏమవుతాయో చెప్పలేం.

వదలమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు ఊడదీయబోతే, నా చేతిని కూడా తాడుతో కలిపి పట్టేశాడు. మంచి పట్టు.

ఎలాగో చెయ్యి విడిపించుకుని బోయలోకి గాలి ఊది పైకి వదిలాను. నారింజ రంగు గొట్టంలా ఉంటుంది అది. దాని సన్నటి దారం రీలుకు చుట్టి ఉంటుంది. అది పైన కనబడగానే లంగరు తాడు విడిచి మా వెంట రమ్మని సెల్వానికి ముందే చెప్పి ఉంచాను. ఇక సైగలు మానేసి, ఆ రీలును అన్న ముఖం ముందు పెట్టాను.

దారం వైపు చూశాడు, తాడు వైపు చూశాడు. ఒక చేత్తో రీలు అందుకున్నాడు. రెండో చెయ్యి దానంతట అదే వచ్చింది.

వదిలిన మరుక్షణం ప్రవాహం మాయమైంది. నీళ్ళతో పాటు మనమూ పోతుంటే నీళ్ళు కదలనట్టే ఉంటుంది, అచ్చం బావిలోలాగే. దారం కాస్త వదులుగా ఉంచాం కాబట్టి పైన బోయ ఎంత గంతులేసినా మాకు కుదుపు లేదు. అన్న చుట్టూ చూశాడు. ఊపిరి బుడగలు నెమ్మదించాయి. కంప్యూటర్ కూత మాని బుద్ధిగా లెక్క పెట్టింది. స్టాప్ పూర్తి చేసి తేలేసరికి బోటు పక్కనే ఉంది.

పైకెక్కి మోకాళ్ళు వంచి చూసుకున్నాడు. రెండూ చెప్పినట్టు విన్నాయి.

"అన్నా, ఇంక ఆ రీలు ఇయ్యి."

"తొందరేముండాది? గట్టు రానీ."

ఆ తరువాత నా పాఠం మార్చుకున్నాను. వదలండి, వదలండి అని ఇప్పుడు ఎవరికీ చెప్పను. బావి మనుషులకైతే అసలే చెప్పను. ముందు చేతికి రీలు ఇస్తాను. తాడు సంగతి వాళ్ళే చూసుకుంటారు.