రెండో సిలిండరు సాక్ష్యం

నేను పట్వారీగా పనిచేసి రిటైరైనవాణ్ని. గట్టు ఎవరిదన్న తగాదాలో రెండు పక్షాలవాళ్లూ ప్రమాణాలు చేస్తుంటే, గొలుసు పరిచి కొలిచి, కొలత చెప్పిన మాటే నేనూ చెప్పేవాణ్ని. అందుకే మా ఆవిడ స్టీరింగు పట్టుకుని "బండి కొట్టుకుంటోంది" అన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న "ఎప్పటి నుంచి? తేదీ చెప్పు" అన్నది.

"తేదీ ఏందండీ! ఇప్పుడే. మీరు నా పక్కనే కూసున్నరు గదా!"

యాభై అయిదేళ్లు దాటాక ఆమెకు కారు నడపాలన్న కోరిక పుట్టింది. దానికి కారణం నేనేనని అంటుంది. మేం ఉండేది కొంటాలో. ఆమె చెల్లెలు ఉండేది కిష్టారంలో. చెల్లెలిని చూడాలంటే నాకు తీరిక దొరకాలి, ఆ తర్వాత నా వేగాన్ని భరించాలి. నేను గంటకు నలభై కిలోమీటర్లు దాటను. పొద్దున బయలుదేరుదామని మొదలుపెట్టిన ప్రయాణం, టైర్లలో గాలి, ఆయిలు, నీళ్లు సరిచూసుకునేసరికి మధ్యాహ్నానికి జరుగుతుంది. మేం చేరేసరికి చీకటి పడేది; మరదలు టార్చి పట్టుకుని డ్రైవరు వైపు తలుపు దగ్గరికి వచ్చి, "బావా, దారి తప్పిర్రా?" అని అడగడం ఆనవాయితీ.

లెర్నింగ్ లైసెన్సు వచ్చింది. నేనే గురువును. శబరి నది ఒడ్డు నుంచి హైవే మీదికి ఎక్కే ఎత్తు దగ్గర ఆమె నాలుగో గేరులో యాక్సిలరేటరు తొక్కగానే కారు ఎక్కిళ్లు వచ్చిన మనిషిలా అదిరేది. నా తీర్పు సిద్ధంగా ఉండేది: "క్లచ్ మీంచి కాలు తియ్యి. బండిని తిట్టకు, కాలిని తిట్టుకో."

"నా కాలు క్లచ్ మీద లేనేలేదు. వంగి చూడండి."

నడుస్తున్న బండిలో వంగి చూడడం భద్రత కాదని నేను చూడలేదు. పైగా నా దగ్గర బలమైన ఆధారం ఉంది: అదే కారు, అదే ఎత్తు, నా చేతిలో ఒక్కసారి కూడా అదరలేదు.

కొన్నాళ్లకు మీటర్ల మధ్య ఇంజిను బొమ్మతో పసుపు దీపం వెలిగింది. సుక్మాలో డ్రైవింగ్ పరీక్షకు ఆమెకు స్లాటు వచ్చింది కూడా అప్పుడే. ఇలా నడుపుతూ పరీక్షకు వెళ్లడం క్షేమం కాదని, స్లాటు రద్దు చేసుకోమని చెప్పాను. ఆమె వంటగదిలోకి వెళ్లింది. గిన్నెలు నాకు వినపడవలసిన దానికంటే కొంచెం గట్టిగానే వినపడ్డాయి. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కార్ల మిస్త్రీ దగ్గర మిషనుంది. దానికి నేనెవరో తెల్వదు, మీరెవరో తెల్వదు. తప్పు నాదని అది చెప్పిందనుకోండి, మళ్ల స్టీరింగు ముట్ట. కిష్టారం మీరెప్పుడు తీస్కపోతే అప్పుడే పోత. తప్పు బండిదని చెప్పిందనుకోండి, పరీక్షకు పోత. ఒప్పుకుంటరా?"

అంకెను సాక్షిగా పిలిచిన వాళ్లను కాదనడం నా వల్ల కాదు. ఒప్పుకున్నాను.

హైవే పక్క షెడ్డులో మిస్త్రీ స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు చిన్న యంత్రం తగిలించాడు. తెర మీద పి 0302 అని పడింది. ఆ అంకె నాకు వెంటనే నచ్చింది. దానిలో అభిప్రాయాలు లేవు.

"మిస్సింగ్ సారు. చివర రెండుంది చూడండి, రెండో సిలిండర్ల పెట్రోలు సరిగ మండుతలేదు. కాయిలన్న కావాలె, ప్లగ్గన్న కావాలె, వైరన్న కావాలె."

"క్లచ్ సరిగ్గా తొక్కకపోవడం వల్ల రాదా?"

అతను మా ఆవిడ వైపు ఒకసారి చూశాడు. "క్లచ్‌తోటి బండంత ఊగుతది సారు. నాలుగు సిలిండర్లుండంగ రెండోదాని మీదనే అమ్మకు పగెందుకు?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వాదన వదల్లేదు. దీపం వెలిగిన క్షణంలో కారు ఎంత వేగంతో ఉందో కూడా ఆ యంత్రం దాచిపెట్టుకుంటుందట. చూపించమన్నాను. యాభై రెండు.

"చూశావా! నేను యాభై రెండు ఎన్నడూ వెళ్లలేదు. అంటే ఇది నీ చేతిలో జరిగింది."

"నా చేతిల జరిగింది సరే. నా చేత జరిగిందా? అది అడగండి మిషన్ని."

మిస్త్రీ దానికీ ఒక దారి చూపాడు. ఒక్కో సిలిండరుకు నిప్పురవ్వ అందించే కాయిలు ఒక్కొక్కటి ఉంటుంది. రెండోదాని కాయిలు తీసి మూడోదానికి, మూడోదానిది రెండోదానికి బిగించాడు. పాత కోడు చెరిపేశాడు. "కాయిల్ ఖరాబైతే అంకె దానెంట మూడుకు పోతది. లేకుంటే వేరే చూద్దాం. కాని ఈసారి సారే నడపాలె. అదే చడాయి ఎక్కాలె, నాలుగో గేరు, అమ్మ స్పీడే."

"మూడో గేరు చాలదా?"

"మరి లెక్క తేలొద్దా సారు?"

నేను తాళం అందుకున్నాను. అతను నా పక్కన, ఆవిడ వెనక కూర్చున్నారు. ఎత్తు మొదలైంది. ముల్లు నలభై దాటింది. యాభై దగ్గర కాలు ఇంకొంచెం నొక్కాను. కారు అదిరింది, మళ్లీ అదిరింది, పసుపు దీపం మిణుకుమిణుకుమంది. వెనక సీటు నుంచి ఎంతో ప్రశాంతమైన గొంతు వినిపించింది.

"క్లచ్ మీంచి కాలు తియ్యండి. బండిని తిట్టకండి, కాలిని తిట్టుకోండి."

మిస్త్రీ కిటికీలోంచి శబరిని చూస్తూ ఉండిపోయాడు. అతని భుజాలు మాత్రం కదులుతున్నాయి.

షెడ్డులో యంత్రం పి 0303 అంది. అంకె కాయిలుతోపాటే నడిచి మూడో ఇంట్లో చేరింది. మరి ఇన్నాళ్లూ నా చేతిలో ఎందుకు అదరలేదని అడిగాను.

"మెల్లగ పోతే కాయిల్ మీద జోర్ పడదు సారు. చడాయిల పెద్ద గేరేసి తొక్కితెనే దాని రోగం బయటపడ్తది."

చదునైన చోట మాత్రమే గొలుసు పరిచి, ఊళ్లో గుట్ట లేదని రాసినట్టయింది నా సర్వే.

"ఇంకోపాలి ఎక్కి చూద్దామా? మీకు ఒక్క కొలత సరిపోదు గదా," అంది ఆవిడ. నిజానికి నేను అదే అడగబోతున్నాను. కొత్త కాయిలు వేశాక ఎక్కించి చూశాం కూడా. ఈసారి ఆమే నడిపింది. బండి నేతి మీద జారినట్టు ఎక్కింది. ఆమె పాదం క్లచ్ మీద లేదు. వంగి చూశాను.

సుక్మాలో పరీక్ష చేసిన అధికారి ఆమె చేత ఎత్తు మీద ఆపించి, మళ్లీ కదిలించి, వెనక్కి నడిపించి, చివరికి "పాస్, మాతాజీ" అన్నాడు. ఆమె ఆయనకు నమస్కారం పెట్టి, నావైపు చూడకుండానే నవ్వింది.

లైసెన్సు చేతికి వచ్చాక కిష్టారానికి ఆమే బయలుదేరదీసింది. టైర్లలో గాలి నేను చూస్తానంటే, తాను ముందే చూశానంది. దారిలో ముల్లు యాభై రెండుకు చేరింది. ఆ సంగతి చెప్పాను.

"మీకు అంకెలంటే ఇష్టం గదా. సూస్కుంట కూసోండి."

ఇంటి ముందు ఆగగానే మరదలు అలవాటు ప్రకారం డ్రైవరు వైపు తలుపు దగ్గరికే వచ్చి, లోపల అక్కను చూసి ఆగిపోయింది. వంగి, పక్క సీటులో నన్ను చూసింది. ఆ తర్వాత ఆకాశం వైపు చూసింది. చేతిలో టార్చి లేదు.

"అక్కా! ఇంకా పొద్దుండంగనే వచ్చిర్రేంది?"