కోడి చూపు కోసం కాచుకున్న వంటవాడు

ఏడాది చివరి విందుకని ఉడికించిన కోడికి, వంటపాకనుంచి బల్ల దగ్గరికి వచ్చే దారిలో మెడ విరిగింది. వంటవాడు హ్యూ థెన్‌సిన్ పళ్లెం కింద పెట్టాడు. తన జడ కొసన అల్లుకున్న నల్లదారం కాస్త తెంపి, తలను మెడకు కట్టాడు. కట్టడం గట్టిగానే కట్టాడు గాని వెనకాముందూ చూసుకోలేదు. కోడి బల్ల మీదికి చేరేసరికి దాని రొమ్ము గని యజమాని తవుకే వైపు, ముక్కు వంటపాక వైపు ఉన్నాయి.

బల్ల చుట్టూ కూర్చున్న గనివాళ్ల చేతుల్లో తినే పుల్లలు ఆగిపోయాయి.

ఆగవా మరి! లారూట్ తగరం గనుల్లో ఏ తవుకే అయినా తన కూలివాణ్ణి "నువ్విక పో" అని నోటితో అనడు. మర్యాద కాదు. కొత్త సంవత్సరం ముందు అందరికీ విందు పెడతాడు. పళ్లెం తిప్పి, కోడి తల ఎవరికేసి నిలిపితే వాడు మర్నాడు మూట కట్టుకోవాలి. ఎవరినీ పంపే ఉద్దేశం లేకపోతే తల తనవైపే తిప్పుకుంటాడు. అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకుని తింటారు.

తవుకే చాంగ్ యున్‌లిప్ గబుక్కున పళ్లెం తిప్పేసుకున్నాడు.

"కోడికేం తెలుసురా, దాని మొహం! ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. తినండి, తినండి."

అందరూ తిన్నారు. థెన్‌సిన్‌కి మాత్రం ముద్ద దిగలేదు. వంటపాక గుమ్మంలో నిలబడ్డ తనకేసి ఆ కోడి చూసిన చూపే కళ్లలో మెదిలింది. నోటి దాకా వచ్చింది కదా, లాగేసుకున్నాడే అని లోలోపల కుమిలిపోయాడు.

పని పోయిందని ఏడ్చేవాళ్లని చూశాం గాని పోలేదని ఏడ్చేవాడు కూడా ఉంటాడా అంటే, ఆ గనిలో కూలి ఇచ్చే పద్ధతి అలాంటిది. ఏడాది పొడుగునా చేతికి చిల్లిగవ్వ రాదు. వంటపాకలో తిండి తవుకేదే గాని దీపం నూనె, పొగాకు, నల్లమందు, తొడుక్కునే చెక్కచెప్పులు అన్నీ తవుకే కొట్టులోనే, తవుకే చెప్పిన ధరకే, ఖాతా మీద. పండక్కి లెక్క చూసి, మిగిలినదాంట్లో జేబు గలగలమనేటంత ఇచ్చి, తక్కింది "నా దగ్గరే భద్రంగా ఉంటుందిలే" అంటాడు. భద్రంగానే ఉండేది, పాపం. బయటికి రానంత భద్రంగా. చెప్పకుండా పారిపోయినవాడికి అదీ దక్కదు. తవుకే తనంతట తాను పంపినవాడికి మాత్రం ఆ విందు బల్ల దగ్గరే పూర్తిగా చెల్లించాలి. సాగనంపినవాడి బాకీ నెత్తిన పెట్టుకుని కొత్త సంవత్సరంలో అడుగుపెడితే గనిలోకి నీళ్లు తన్నుకొస్తాయని నమ్మకం.

థెన్‌సిన్ ఆ గనికి వంటవాడుగా వచ్చి జుట్టు నెరిసింది. అందరికీ సిన్ బాబాయ్ అయ్యాడు. అతని కూలి అంతా తవుకే దగ్గర భద్రంగా ఉంది.

ఇక్కడికి తైపింగ్ బజారులో సోయా జున్ను అమ్మే లీ సమ్‌మోయ్ సంగతి రావాలి. వితంతువు, మాట కత్తి, చెయ్యి వెన్న. థెన్‌సిన్ జున్ను కొనడానికి వెళ్లినప్పుడల్లా అవసరానికి మించి కొనేవాడు. ఆ విందు అయిన కొన్నాళ్లకు ఆమె పక్క కొట్టుగది ఖాళీ అయింది. ఇద్దరూ కలిసి గంజి, జున్ను అమ్మితే బాగుంటుందని, ఆపైన కలిసే ఉండిపోతే ఇంకా బాగుంటుందని మాట అయింది. కాని అద్దె ముందే కట్టాలి.

"నా సొమ్ము చాలా ఉంది, ఖాతాలో," అన్నాడు థెన్‌సిన్ గొప్పగా.

"ఖాతాలో ఉన్న మొగుడు నాకొద్దయ్యా. వచ్చే పండగ దాటితే ఆ గది పందిమాంసం అమ్మే లాయ్‌కి ఇస్తాడట ఇంటాయన. ఆ లాయ్‌కి గది కావాలో నేను కావాలో ఇంకా తేల్చుకున్నట్టు లేదు. రోజూ వచ్చి రెండింటినీ కొలతలు చూసి పోతున్నాడు."

ఆ మాటతో థెన్‌సిన్ నిద్ర ఎగిరిపోయింది. ఎలాగైనా పండగలోగా పని పోగొట్టుకోవాలి. దానికి మార్గం చెడ్డగా వండటమే అనుకున్నాడు.

మొదట పందిమాంసంలో ఉప్పు కుమ్మరించాడు. ఎండలో బురద మోసి, ఒళ్లంతా చెమటగా కారిపోయి వచ్చినవాళ్లకు అది అమృతమైంది. "ఇన్నాళ్లకు కదా బాబాయ్ చేతికి రుచి తెలిసింది!" అని గిన్నెలు నాకారు. తర్వాత అన్నం మాడ్చాడు. మాడు నాకంటే నాకని ఇద్దరు కలబడితే, జడలు ముడిపడిపోయి సాయంత్రం దాకా ఊడదీయాల్సి వచ్చింది. చివరికి తెగించి రోజుల తరబడి కాకరకాయ తప్ప ఇంకేమీ వండలేదు. దాంతో తవుకేకి ఏళ్లనాటి మలబద్ధకం వదిలింది.

"నువ్వు వంటవాడివి కాదురా, వైద్యుడివి!" అని తవుకే అతనికి కొత్త చెక్కచెప్పులు బహుమానం ఇచ్చాడు. ఆ చెప్పుల ఖరీదు గుమాస్తా పాన్‌కీ అతని ఖాతాలోనే రాశాడు.

ఇక లాభం లేదని నేరుగా అడిగేశాడు. "తవుకే, ఈ ఏడు కోడిని కాస్త నావైపు చూడనివ్వండి."

"పిచ్చెక్కిందా? నిన్ను పంపిస్తే ఈ గనివాళ్లు నన్ను పంపించేస్తారు. అయినా నీ సొమ్ముకేం భయం? భద్రంగా ఉంది."

విందు రోజు రానే వచ్చింది. ఈసారి కోడి మెడ విరక్కుండా మరీ మెత్తబడకముందే పొయ్యి మీంచి దించాడు థెన్‌సిన్. ఎప్పుడూ గుమ్మంలో నిలబడేవాడు, ఆ రోజు పీట తెచ్చుకుని తవుకేకి ఎదురుగా బల్ల దగ్గర వేసుకున్నాడు. తల ఆ పీటకేసి ఉండేలా పళ్లెం పెట్టాడు. తవుకే ఏమీ ఎరగనట్టు తనవైపు తిప్పుకున్నాడు. థెన్‌సిన్ అల్లం పచ్చడి గిన్నె సర్దే నెపంతో మళ్లీ తిప్పాడు. తవుకే ఈగను తోలుతూ తిప్పాడు. కోడి తిరిగినప్పుడల్లా దాని ముక్కు అందరి ముందునుంచీ పోతోంది. పోయినప్పుడల్లా ఆ పక్కవాళ్లు వరసగా వెనక్కి ఒరుగుతున్నారు, గాలికి వరిచేను ఒరిగినట్టు. కొట్టులో బాకీ ఎక్కువున్న ఒకడైతే, ఎందుకైనా మంచిదని బల్ల కింద దూరాడు.

"తిప్పింది చాలు బాబాయ్, కోడికి కళ్లు తిరుగుతున్నాయి!" అని అరిచాడెవడో.

తవుకే ఈసారి తల తనవైపు పెట్టి, పళ్లెం రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. అప్పుడే థెన్‌సిన్ పులుసు గిన్నెతో అటువైపునుంచి వచ్చాడు. వచ్చి జారాడు. నిజంగా జారాడో, కావాలనే జారాడో, లారూట్‌లో ఈ రోజుకీ రెండు పక్షాలున్నాయి. పులుసు చుక్క కూడా ఒలకలేదన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు. గిన్నె బల్ల మీద వాలింది, థెన్‌సిన్ తవుకే ఒళ్లో వాలాడు. ఎదురుగా కోడి.

బల్ల కింద దూరినవాడు కూడా తల బయటికి పెట్టి చూశాడు.

"కోడి బాబాయ్‌నే చూస్తోంది," అన్నాడు అందరిలోకీ పెద్దవాడు లియోంగ్ ఫో తాత.

"వీడు నా ఒళ్లో ఉన్నాడు తాతా! అది చూసేది నన్ను!" అన్నాడు థెన్‌సిన్ వీపు వెనకనుంచి తవుకే.

"నీ మొహం నాకే కనబడట్లేదు నాయనా, కోడికేం కనబడుతుంది?"

తాత మాటంటే మాటే. గనికి పునాది పూజ చేసినవాడు. తవుకే నిట్టూర్చాడు.

"సరే, లేవరా."

"లెక్క తేలాక లేస్తాను తవుకే."

గుమాస్తా పాన్‌కీ పెట్టె తెచ్చాడు. వెండి డాలర్లు కాసిని పేర్చి, ఆగాడు. "మిగతాదానికి పొగాకు..." అన్నాడు. థెన్‌సిన్ కాస్త వెనక్కి వాలాడు. వంటవాళ్లు తేలిగ్గా ఉండరు. తవుకే మూలిగాడు. "పోనీ, దీపం నూనె..." థెన్‌సిన్ ఇంకాస్త వాలాడు. "ఎండుచేపలు, నాణ్యమైన..."

"వెండే ఇవ్వరా, వెండే ఇచ్చి చావు! నా తొడలు తిమ్మిరెక్కాయి!" అని తవుకే గావుకేక పెట్టాడు.

పాన్‌కీ వెండే ఇచ్చాడు. థెన్‌సిన్ లేచి, దణ్ణం పెట్టి, తవుకే చొక్కా ముడతలు సర్ది, మూట కట్టుకున్నాడు.

పండగ దాటకుండానే అద్దె కట్టాడు. సమ్‌మోయ్ డాలర్లు ఒక్కొక్కటీ కొరికి చూసుకుని మరీ పెళ్లికి ఒప్పుకుంది. లాయ్ కొలతలు వృథా అయ్యాయి. గనివాళ్లు సెలవు దొరికితే చాలు వాళ్ల గంజి కొట్టు దగ్గరే పోగయ్యేవాళ్లు. గనిలో కొత్త వంటవాడి కూర తింటే బాబాయ్ కాకరకాయే నయమనేవాళ్లు.

కొన్నాళ్లు బెట్టు చేసి, తవుకే కూడా ఒకరోజు వచ్చాడు. మూల బల్ల చూసుకుని కూర్చున్నాడు. గంజిలో గరిటె పెట్టి పైకెత్తి, వదిలి, మళ్లీ ఎత్తి చూశాడు.

"ఏమిటిరా సిన్, గంజి ఇంత పల్చగా ఉంది? మా దగ్గర కాచినప్పుడు గరిటె నిలబడేది కదా!"

థెన్‌సిన్ బల్ల తుడుస్తూ అన్నాడు: "అప్పుడు బియ్యం మీవి, తవుకే."