కోడిపిల్లల కంటే ముందు మామగారు

మామగారికి ఒకటే జబ్బు. ఏ వస్తువైనా సరే, ముందు తన ఒంటి మీద ప్రయోగించి చూసుకోనిదే ఇంకొకళ్ల దాకా పోనివ్వరు. "ఆగండాగండి, ముందు నేను!" అంటారు. అత్తగారికి కొత్త చెప్పులు కొంటే ముందు ఆయన వేసుకుని వీధి చివరిదాకా నడిచి రావాలి. గొడుగు కొంటే వాన కోసం ఎదురుచూసే ఓపిక ఉండదు. అత్తగారి చేతికి బకెట్టిచ్చి మేడ మీదకి పంపి, కింద గొడుగు విప్పుకుని నిలబడతారు. వీధిలో అందరూ ఆయన్ని "ముందునేను గారు" అంటారు. ఆ పిలుపుకి ఆయనకి కోపం రాదు సరికదా, కిటికీలోంచి తల బయటపెట్టి "ఏంటి సంగతి?" అని అడుగుతారు.

వృత్తికి ఆయన కుర్చీలు చేసే మేస్త్రి. తను చేసిన కుర్చీలో అరగంట కూర్చుని లేస్తే గానీ దానికి వార్నిష్ పడదు. పని ఎగ్గొట్టి కునుకు తీస్తున్నాడని షాపు యజమాని మొదట్లో కేకలేసేవాడు. "నిద్ర పట్టిందంటే కుర్చీ కుదిరిందనే కదండీ!" అని ఈయన వాదన. ఒకసారి బడికి పసిపిల్లల కుర్చీలు చేసే పని వచ్చింది. వద్దురా మహానుభావా అని తోటివాళ్లు మొత్తుకున్నా వింటేగా! ఇరుక్కుపోయారు. ఆ సాయంత్రం వీధి వీధంతా చూస్తుండగా వెనకాల బుల్లి కుర్చీతో సహా ఇంటికి నడిచొచ్చారు. అత్తగారు తలుపు తీసి, ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "ఎలాగూ కుర్చీ తెచ్చుకున్నారుగా, కూర్చోండి. మంచినీళ్లు తెస్తాను" అన్నారట.

కోడలు ఈ ఇంటికి వచ్చి రెండేళ్లయింది. ఆమె పోస్టాఫీసులో పార్సిళ్ల కౌంటర్లో పనిచేస్తుంది. వచ్చిన వారానికే తలనొప్పి పట్టుకుని మాత్ర అడిగింది. మామగారు మాత్ర తెచ్చారు, నీళ్లు తెచ్చారు, గుటుక్కున తనే మింగేసి ఎదురుగా కూర్చున్నారు.

"ఎలా ఉందమ్మా?"

"నేనింకా వేసుకోందే ఎలా ఉంటుంది మామయ్యా?"

"అదే చిక్కొచ్చిపడింది. నాకేమో నొప్పే లేదు. తగ్గిందో లేదో తెలిసి చావట్లేదు."

నవ్వీ నవ్వీ ఆమె తలనొప్పి ఎగిరిపోయింది. మాత్ర బ్రహ్మాండంగా పనిచేసిందని మామగారు తేల్చేశారు.

అలాంటి ఇంట్లోకి ఆరు కోడిపిల్లలు వచ్చాయి. ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు కోడిని పెంచిన పాపాన పోలేదు. తెమ్మన్నది కోడలే. ఆమెకి అప్పుడు నాలుగో నెల. ఇంట్లో అందరూ సంబరపడుతుంటే ఆమెకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆమె నీళ్లు పోసిన మొక్క బతికిన దాఖలా లేదు. నీళ్లే అక్కర్లేని ముళ్లమొక్క కూడా ఆమె టేబుల్ మీద మూడు వారాల్లో తల వాల్చేసింది. గాజు తొట్టిలో చేపల్ని తెస్తే అవి ఆదివారం దాకా కూడా ఆగలేదు. ఆమె మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒకరోజు అతని ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా చేతిలో ఏదీ నిలవదండీ. రేపు బిడ్డని ఎలా సాకుతాను? ముందు ఏవైనా చిన్న ప్రాణాల్ని పెంచి చూస్తాను. అవి బతికి బట్టకడితే నాకు ధైర్యం. లేదంటే..."

ఆ 'లేదంటే' వినలేక అతను మర్నాడే ఒక్కరోజు వయసున్న ఆరు పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు. అయిదు పసుపువి, ఒకటి నల్లది. ఇల్లు చిన్నది, గోడలు పల్చన. ఆమె ఏడుపు ఇంకెవరికి వినిపించిందో ఆమెకి తెలియదు.

మామగారు సెలవు పెట్టి మరీ కర్రపెట్టె చేశారు. పిల్లలకి వెచ్చగా ఉండాలని పైన బల్బు కట్టారు. కోడలు పిల్లల్ని ఎత్తబోయేసరికి "ఆగమ్మా, ముందు నేను!" అంటూ ఆ పెట్టెలో మోకాళ్ల మీద కూలబడి, బల్బు కింద తల పెట్టారు.

"లేవండీ, ఎవరైనా చూస్తే నవ్విపోతారు!" అన్నారు అత్తగారు.

"ఉండవే, ఎంత వేడిగా ఉందో చూస్తున్నా." పావుగంటకి ఆయన బట్టతల కందిపోయింది. "అమ్మాయ్, ఇది మిట్టమధ్యాహ్నం ఎండలా ఉంది. బల్బు జానెడు పైకి లాగు."

తర్వాత దాణా. చిటికెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలారు. "రుచికేం ఢోకా లేదు గానీ గొంతు పట్టేస్తోంది. నీళ్లు పక్కనే పెట్టు." తర్వాత నీళ్లు. పిల్లలు తాగినట్టే తాగి చూడాలని నేల మీద బోర్లా పడుకుని పళ్లెంలో ముక్కు ముంచి, దగ్గుతూ లేచారు. "ముక్కులోకి పోయాయి! లోతెక్కువ. నేనైతే లేచాను, అవి మునిగిపోతాయి. గులకరాళ్లు వేసి పెట్టు."

విచిత్రమేమిటంటే, ప్రతిసారీ ఆయన చెప్పిందే నిజమయ్యేది. బల్బు పైకి లాగాక వదిలితే పిల్లలు మూలలకి పారిపోకుండా మధ్యలోనే హాయిగా కూర్చున్నాయి. గులకరాళ్లు వేయగానే ముక్కులు మాత్రం తడుపుకుని హాయిగా నీళ్లు తాగాయి. కోడలు ఇదంతా ఆసక్తిగానే చూసేది గానీ, మనసులో ఒక మూల చివుక్కుమనేది. "నేను చేస్తే చెడగొడతానని మామయ్యకి భయం. నామీద నమ్మకం లేదు" అనుకునేది.

రెండో రోజు పోస్టాఫీసు నుంచి వచ్చి పెట్టెలోకి చూసి కెవ్వుమంది. ఆరు పిల్లలూ మెడలు వాల్చి, కాళ్లు బార్లా చాపి పడి ఉన్నాయి.

"పోయాయి! అన్నీ పోయాయి! నేను చెప్పలేదూ!"

అత్తగారు పరిగెత్తుకొచ్చారు. మామగారు వంగి ఒకదాన్ని వేలితో పొడిచారు. అది కళ్లు తెరిచి, నిద్ర చెడగొట్టినందుకు తిట్టినట్టు కిచకిచమని మళ్లీ వాలిపోయింది. పసివాటి నిద్ర అంతేనని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మామగారికి మాత్రం కొత్త సందేహం పుట్టింది. అలా పడుకుంటే మెడ పట్టదా? వెంటనే పక్కనే నేల మీద మెడ వాల్చి, కాళ్లు బార్లా చాపి పడుకున్నారు. కాసేపటికి గుమ్మంలోకి వచ్చిన పాలవాడు ఆయన్ని చూసి పెట్టిన కేక ముందు కోడలి కేక ఏ మూలకి!

నాలుగో రోజు పొద్దున మాత్రం నిజంగానే కొంప మునిగింది. నల్లపిల్ల లేవడం లేదు. కాళ్లు చెరో పక్కకి జారిపోతున్నాయి. లేవబోతుంది, పొట్ట మీద పడుతుంది. మళ్లీ లేవబోతుంది, మళ్లీ పడుతుంది. మామగారు పెట్టెలో అరచెయ్యి ఆనించి చూశారు. చెయ్యి సర్రున జారింది. పెట్టె అడుగున నున్నటి కాగితం పరిచి ఉంది. శుభ్రంగా ఉండాలని కోడలే పరిచింది. గంటకోసారి మార్చింది కూడా.

"నేనే వేశాను మామయ్యా," అంది. "దాని కాళ్లు నేనే పాడుచేశాను."

"ఆగు. ముందు నేను." మామగారు ఆ కాగితాల్నే వసారా గచ్చు మీద పరిచారు. మేజోళ్లు తొడుక్కుని వాటి మీద అడుగుపెట్టారు. ఒక కాలు తూర్పుకి పోయింది, ఒక కాలు పడమరకి పోయింది, మామగారు దబ్బున మధ్యలో కూలబడ్డారు.

"చూశావా!" అన్నారు కింద నుంచే, నడుం పట్టుకుని. "యాభై ఎనిమిదేళ్లు నిండినవాణ్ణి, నేనే నిలబడలేకపోయా. నాలుగు రోజుల పసిది ఏం నిలబడుతుంది? ఇందులో నీ తప్పేం లేదు. ఈ ఇంట్లో నేను ముందు చూడకుండా వదిలేసిన వస్తువు ఈ కాగితం ఒక్కటే. తప్పు నాది."

ఇంకో రోజైతే ఆమె పడీపడీ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. "ఇక నేను వాటి జోలికి రాను. మీరే చూసుకోండి. నా చేతులు మంచివి కావు," అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మామగారు నల్లపిల్లని చొక్కా జేబులో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. గంటకి తిరిగొచ్చి కోడలి గది తలుపు తట్టారు.

"కాళ్లు కట్టాలటమ్మా. రెండు కాళ్లకీ కలిపి ప్లాస్టర్ పట్టీ చుట్టాలి, మామూలుగా నిలబడ్డప్పుడు ఉండేంత ఎడం ఉంచి. మూడు రోజులు. కింద గరుకు గుడ్డ వెయ్యాలి. నాకేమో ఈ మొద్దువేళ్లు. మీ అత్తయ్యకి చత్వారం. నువ్వే కట్టాలి."

"నా వల్ల కాదు మామయ్యా. బిగించి చంపేస్తాను."

"అందుకేగా నేనున్నది! ముందు నాకు కట్టు. ఎక్కువ బిగిస్తే నేను అరుస్తాను. అది నోరు విప్పి చెప్పలేదు కదా."

పాత దుప్పటి చింపి ఆయన చీలమండలకి కట్టింది. "అబ్బా! చచ్చాను!" అని అరిచారు. వదులు చేసింది. రెండడుగులు వేయగానే పట్టీ జారి కాళ్లకి చుట్టుకుని బోర్లాపడబోయారు. మూడోసారి చూసి చూసి, వేలు పట్టేంత సందు ఉంచి కట్టింది. మామగారు కట్టిన కాళ్లతో వసారా ఈ చివర నుంచి ఆ చివరికి బుడిబుడి నడకలు నడిచి, "భేష్! ఇదీ లెక్క! ఇక దానికి కట్టు," అన్నారు.

అగ్గిపుల్లంత కాళ్లు. ఊపిరి బిగపట్టి కట్టింది. వదిలాక పిల్ల ఊగింది, తూలింది, గరుకు గుడ్డ మీద గోళ్లు ఆనించి నిలబడింది. కోడలు అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

"ఇక మీ కట్టు విప్పేస్తాను, ఇలా రండి," అంది.

"దానిది విప్పేదాకా నాదీ విప్పేది లేదు. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ దురద పెడుతుందో తెలియొద్దూ?"

మూడు రోజులు! ఆ కాళ్లతోనే షాపుకి వెళ్లారు. పావుగంట దారికి ముప్పావుగంట పట్టేది. "ఏంటండీ, ఇంట్లోవాళ్లు కట్టేశారా?" అని వీధిలో అడిగితే, "మా కోడలు కట్టింది!" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆమె మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రెండో రోజు సాయంత్రం వస్తూనే "లోపలివైపు మంటగా ఉంది. దానికీ ఉంటుంది, చూడు," అన్నారు. నిజమే, నల్లపిల్ల కాలు లోపలివైపు కందింది. పట్టీ విప్పి కొంచెం పైకి జరిపి మళ్లీ కట్టింది. ఈసారి ఎలా కట్టాలో ఎవరూ చెప్పలేదు, ముందు ఎవరి మీదా కట్టి చూసుకోలేదు.

మూడో రోజు ఇద్దరి కట్లూ విప్పింది. నల్లపిల్ల రెండడుగులు తడబడి, మూడో అడుగు సరిగ్గా వేసి, పరుగున పోయి దాణాలో పడింది. మామగారి కాళ్లే తిమ్మిరెక్కి, అత్తగారి భుజం పట్టుకుని అరగంట నిలబడాల్సి వచ్చింది.

మర్నాడు పోస్టాఫీసుకి పార్సిలు పంపడానికి పశువుల డాక్టరే వచ్చాడు. ఆమె సంతోషం పట్టలేక చెప్పింది. "మా మామయ్యగారు మీ దగ్గరికి నల్లపిల్లని తెచ్చారు కదండీ? అది నడుస్తోంది!"

"ఓ, ఆయనా! ఆయన మీ మామగారా?" డాక్టరు నవ్వాడు. "రెండు నిమిషాల పని, నేనే కట్టేస్తానన్నాను. ససేమిరా అన్నాడు. పోనీ ఎలా కట్టాలో చూపిస్తానంటే నా చేతిలో పట్టీ తీసుకుని, చకచకా తనే కట్టి, విప్పేశాడు. ఎంత లాఘవమనుకున్నారు! మరి అలాగే ఉంచెయ్యొచ్చు కదయ్యా అన్నాను. 'మీరు కట్టినా నేను కట్టినా కోడిపిల్ల నడుస్తుంది డాక్టరుగారూ, మా అమ్మాయికి ధైర్యం రాదు. తనే కట్టాలి' అని జేబులో వేసుకుపోయాడు."

కోడలు డాక్టరు పార్సిలు దగ్గరికి లాక్కుంది. మొద్దువేళ్లట! కుర్చీకాళ్లని వెంట్రుకంత సందు కూడా లేకుండా అతికించే వేళ్లు మొద్దువట! మూడు రోజులు వీధంతా నవ్వుతుంటే కాళ్లు కట్టుకుని తిరిగింది కోడిపిల్ల కోసం కాదు, తన కోసం. నమ్మకం లేనిది ఆయనకి కాదు, తనకే. కళ్లు తుడుచుకుని డాక్టరు పార్సిలుకి తాడు బిగించింది. ముడి అంత చక్కగా ఎప్పుడూ పడలేదు.

ఇంటికొచ్చేసరికి మామగారు పెట్టె పక్కన గొంతుకూర్చుని, పిల్లలు కాలితో గుడ్డని ఎందుకు గీరుతున్నాయో తెలుసుకుందామని తనూ కాలితో నేల గీరి చూస్తున్నారు. డాక్టరు సంగతి ఆమె ఎత్తలేదు. పక్కనే కూర్చుంది.

"మామయ్యా, పసిబిడ్డని గుడ్డలో చుట్టడం నాకు రాదు. మెడ ఎలా పట్టుకోవాలో, చేతులు లోపల పెట్టాలో బయట ఉంచాలో..."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. పెదాల మీద నవ్వు ఆగడం లేదు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఆయనకి అర్థమైందో లేదో ఆయనకే తెలియాలి. లేచి లోపలికెళ్లి, బీరువాలో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద దుప్పటి తెచ్చి వసారాలో పరిచారు. కళ్లజోడు తీసి అత్తగారి చేతికిచ్చారు. దుప్పటి మధ్యలో వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నారు.

"ఇంకా అయిదు నెలలుందండీ!" అన్నారు అత్తగారు.

"అందుకే తొందర," అన్నారు మామగారు. "మొదలెట్టు తల్లీ. నేనెప్పుడు ఏడవాలో అదొక్కటి ముందే చెప్పు."