మేనమామ నేసిన పంచె

ఈ ఉదయం పాయా లేబర్ పేటలో ఉన్న మా ఆఫీసులో కాఫీ తాగుతుంటే మా తెలుగు సంఘం గ్రూపులో మెసేజొచ్చింది. ఈ ఏడూ పదమూడేళ్ల మగపిల్లలకి ఎనిమిది ఆదివారాల శిక్షణ, చివర్లో అందరికీ కలిపి పంచెల పండగ. "నేర్పడానికి అంకుల్స్ ముందుకు రావాలి, కుట్టిన పంచెలు మేమే ఇస్తాం" అని. ఆ కుట్టిన పంచెల మాట చదవగానే ఒళ్ళు మండిపోయింది. కాఫీ సగంలో వదిలేశాను.

నాలుగేళ్ల కిందట అలా ముందుకెళ్ళిన అంకుల్ని నేనే. బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింద ఖాళీ జాగాలో పన్నెండు మంది కుర్రాళ్ళు. కుక్కర్ లేకుండా అన్నం వండటం, తప్పనిపిస్తే పెద్దవాళ్ళకైనా మర్యాదగా కాదని చెప్పడం, కోపమొస్తే అణుచుకోవడం (ఇది నాకే చేతకాదు, అయినా నేర్పాను), అన్నిటికన్నా కష్టం పంచె కట్టడం. గోచీ దోపేసరికి కుచ్చిళ్ళు జారేవి, కుచ్చిళ్ళు పట్టుకుంటే గోచీ ఊడేది. లోపల నిక్కర్లుండబట్టి పరువు దక్కింది. బుకిట్ పంజాంగ్ నుంచి వచ్చే ఒక్కడు మాత్రం నవ్వేవాడు కాదు, విప్పి మళ్ళీ కట్టేవాడు. వాళ్ళ మేనమామ చీరాల దగ్గర మగ్గం నేస్తాడు. పంచెల పండక్కి బట్టలు పెట్టాల్సింది మేనమామే కదా. సముద్రం దాటి ఇంత దూరం రాలేక, తనే నేసిన పంచె పంపాడు. తెల్లటి నూలు, సన్నటి ఎర్రంచు. మేనల్లుడు అది కట్టుకుని నిలబడితే ఫోన్లో చూస్తానన్నాడు.

పండగనాడు హాల్లో సంఘం సెక్రటరీ గారి భార్య ఆ పంచె అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "అందరివీ పట్టువి, ఒకటే రంగు. ఫోటోలో వీడొక్కడు వేరేగా ఉంటే ఎలాగండీ? పైగా స్టేజి మీద ఊడితే?" అంటూ, నడుముకి అంటించుకునే కుట్టిన పంచె నా చేతిలో పెట్టింది. వాడు నా మొహంలోకి చూశాడు. కాదని చెప్పడమెలాగో పాఠం చెప్పినవాణ్ణి, నోరు పెగల్లేదు. ఆవిడ మొగుడు ఆఫీసులో నా పైవాడు మరి. "సర్దుకుపోరా నాన్నా, ఫోటో అయ్యేదాకా" అన్నాను. థూ, నా బతుకు.

వాడు మామ పంచె మడిచిపెట్టి అది అంటించుకున్నాడు. స్టేజి కింద నా పక్కనే వాళ్ళమ్మ ఫోను పట్టుకుని నిలబడింది. అందులో మేనమామ, కొత్త చొక్కా వేసుకుని, వీధివాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఆ పట్టు పంచెకేసి చాలాసేపు చూశాడు. "బాగుందిరా అల్లుడూ" అన్నాడు. పక్కనున్నవాళ్ళకి ఏం చెప్పుకున్నాడో.

కిందికి దిగాక వాడు నా దగ్గరకొచ్చాడు. "అంకుల్, యూ టీచ్ సో మెనీ వీక్స్ ఫర్ వాట్ లా?" అని ఇక్కడి యాస ఇంగ్లీషులో అడిగాడు. గట్టిగా కూడా అనలేదు. మామ పంచె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా సంఘం గడప తొక్కలేదు.

ఆవిడ మీద కోపం ఇంకా ఉంది. నా మీద ఉన్నదాంట్లో అది సగం కూడా కాదు. "ఎవరి మేనమామ పెట్టింది వాళ్ళని కట్టుకోనిస్తేనే వస్తాను" అని గ్రూపులో రాసేశాను. ముగ్గురు నమస్కారం బొమ్మలు పెట్టారు, అంతే. ఆ పైవాడు కంపెనీ మారి ఏడాదైంది లెండి, ఇప్పుడు ఎంతైనా రాస్తాను. ఆ కుర్రాడికిప్పుడు పదిహేడు. నాకు నోరు రావడానికి పట్టిన కాలంలో వాడు పెద్దవాడైపోయాడు.