క్లచ్ మీద కాలు

ఉదయం ఆరింటికి కొత్తవలసలో బయలుదేరాను. పాతపట్నం దాకా దాదాపు నూటయాభై కిలోమీటర్లు. నా భార్య సత్యవతి కారును ఆమె చెల్లెలు ఈశ్వరికి అప్పగించాలి. ఈశ్వరి సంతల్లో బట్టలు అమ్ముతుంది; మూటలు తీసుకెళ్లడానికి బండి అవసరం. చనిపోయేముందు సత్యవతి కారు చెల్లెలికే ఇమ్మంది. ఆరు నెలలు నేనే ఆలస్యం చేశాను. ఆమె ఉన్నంతకాలం నేను స్టీరింగు పట్టలేదు. నేర్చుకోమన్నప్పుడల్లా "నువ్వున్నావు కదా" అనేవాణ్ణి. ఆమె పోయాక డ్రైవింగు స్కూల్లో పదిహేను రోజులు నేర్చుకుని, అప్పటినుంచి ఈ కారే నడుపుతున్నాను.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలని ఆమె అనేది. అదొక్కటి గుర్తుంచుకుని బయలుదేరేముందే చూపించాను. ఏడింటికి విజయనగరం దాటి, నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలంలో ఇడ్లీ తిన్నాను.

ఎచ్చెర్ల ముందు వంతెన ఎక్కుతుంటే ఇంజను అరిచింది గాని బండి సాగలేదు. కాలిన వాసన. ఎలాగో రోడ్డు పక్క షెడ్డుకు చేర్చాను. మెకానిక్ పక్కన కూర్చుని నన్నే కాస్త దూరం నడపమన్నాడు. అతను రోడ్డు చూడలేదు, నా ఎడమ కాలు చూశాడు.

"ఏటి సార్, క్లచ్చి మీద కాలేసి పడుకుంతన్నారేటి? గేరు మార్సినప్పుడే తొక్కండి. మిగతాప్పుడు కాలు పక్కన పడీండి. ప్లేటు అరిగిపోనాది."

"పాతపట్నం వెళ్తుందా?"

"ఎల్తాది. ఎత్తు మీద ఆగితే హేండుబ్రేకెయ్యండి, క్లచ్చితో నిలబెట్టకండి. అరవై దాటకండి, పెట్రోలూ మిగుల్తాది. ఈ వారంలో ప్లేటు మార్పించీండి."

శ్రీకాకుళం దాటి చల్లవానిపేట, సారవకోట మీదుగా వెళ్లాను. కాలు పక్కన పెట్టాను. ముందు లారీ ఆగబోతుంటే దూరం నుంచే యాక్సిలరేటరు వదిలాను. బండి చప్పుడు లేకుండా సాగింది, సత్యవతి నడిపినప్పటిలా.

పదకొండున్నరకు చేరాను. ఈశ్వరి ఎదురొచ్చి బానెట్ తట్టింది. "అక్క సేతి బండి. డోకా లేదు బావా."

ఏమీ చెప్పకుండా తాళాలు ఇచ్చేయవచ్చు.

"క్లచ్ ప్లేటు నేను పాడుచేశాను ఈశ్వరీ. మార్పించుకో, డబ్బు నేనిస్తాను."

"ఆర్నెల్లకేనా! అక్క పన్నెండేళ్లు అదే ప్లేటుతో నడిపింది! నేర్సుకో, నేర్సుకో అని నెత్తీ నోరూ కొట్టుకుంది. ఇన్నావేటి?"

తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

"సర్లే, కాళ్లు కడుక్కో. అన్నం తిందువు గాని."

మూడింటికి ఆ కారులోనే నన్ను బస్టాండుకు తీసుకెళ్లింది. గేరు మార్చిన ప్రతిసారీ ఆమె ఎడమ కాలు పెడల్ వదిలి పక్కకు వచ్చేసింది.

"ఎవరు నేర్పారు?"

"ఇంకెవులు? అక్కే. ఈ బండిలోనే, రెండాదివారాలు."

శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పన్నెండేళ్లు ఇలాగే సత్యవతి పక్కన కూర్చుని పొలాలు చూశాను, కొండలు చూశాను. ఆమె ఎడమ కాలు వైపు ఒక్కసారీ చూడలేదు.